జిప్పు, చక్రం, ఖాళీ బరువు: నాలుగేళ్ళ ప్రయాణ సామగ్రిపై నా అంచనా

బ్యాంకు శాఖల లెక్కలు తనిఖీ చేయడం నా ఉద్యోగం. ఇల్లు తార్నాకలో ఉన్నా, నెలలో పన్నెండు పదమూడు రోజులు విశాఖపట్నం, నాగపూర్, రాయపూర్, ఢిల్లీల చుట్టూనే గడిచిపోతాయి. ఈ నాలుగేళ్ళలో మూడు సూట్‌కేసులు, రెండు భుజం సంచులు, రెండు పవర్ బ్యాంకులు కొన్నాను. వాటిలో ఏవి నిలిచాయో, ఏవి నడిమధ్యలో చేతులెత్తేశాయో చెబితే నాలాగా తరచూ ప్రయాణించేవారి డబ్బు కొంతయినా మిగులుతుందన్న ఆశతో ఈ సమీక్ష రాస్తున్నాను. సూట్‌కేసు కొనేటప్పుడు మనం ముందుగా రంగు, పేరు, తగ్గింపు ధర చూస్తాం. ముందు చూడవలసినవి జిప్పు, చక్రం, ఖాళీ బరువు అని నాకు రెండు సూట్‌కేసులు పోయాక గానీ తెలియలేదు.

మొదటిది పద్నాలుగు నెలలకే చక్రం దగ్గర పాడైంది. సికింద్రాబాద్ స్టేషనులో వంతెన దిగి లాక్కుంటూ వస్తుండగా ఒక మూల ఒరిగిపోయింది, అక్కడి నుంచి ఆటో దాకా పద్నాలుగు కిలోల బరువును చేత్తో మోయవలసి వచ్చింది. మరునాడు దాన్ని సుల్తాన్ బజార్‌లో సంచులు బాగుచేసే ఒక పెద్దాయన దగ్గరకు తీసుకెళ్ళాను. ఆయన పెట్టెను బోర్లించి, లోపలి అస్తరు జిప్పు తీసి, చక్రం గూడు పెట్టెకు అతుక్కున్న చోటును వేలితో తట్టి చూపించారు. "స్క్రూలుంటే పది నిమిషాల్ల మారుస్త సార్. ఇవి రివెట్లు, డ్రిల్లు కొట్టి తీయాలె. కొనేటప్పుడే లోపల చెయ్యి పెట్టి చూస్కోవాలె" అన్నారు. ఆ డ్రిల్లు దెబ్బకు అప్పటికే బీటవారిన మూల ఇంకాస్త చీలింది. ఆ తర్వాత ఏ దుకాణానికి వెళ్ళినా సూట్‌కేసు తెరిచి, అస్తరు వెనక చెయ్యి పెట్టి, చక్రాలు స్క్రూలతో బిగించారా, రివెట్లతోనా అని తడిమి చూస్తున్నాను. అబిడ్స్‌లోనూ, సికింద్రాబాద్ జనరల్ బజార్‌లోనూ దుకాణదారులు ఇందుకు ఎప్పుడూ అభ్యంతరం చెప్పలేదు.

నాలుగు వైపులా తిరిగే చక్రాల సూట్‌కేసు శంషాబాద్ విమానాశ్రయంలో నున్నని నేల మీద పిల్లాడి బొమ్మబండిలా వెంట వస్తుంది. అదే సూట్‌కేసు రైల్వే ప్లాట్‌ఫారం గతుకుల మీద, బస్టాండు ముందు గుంతల్లో ప్రతి అడుగుకూ అడ్డం తిరుగుతుంది, బయటకు పొడుచుకు వచ్చిన ఆ సన్నని చక్రాల కాళ్ళే ముందుగా విరుగుతాయి. సగం పెట్టె లోపలికి కూర్చున్న రెండు చక్రాల రకం చూడటానికి పాతకాలపుదిగా ఉన్నా, దాన్ని వెనక్కి వంచి లాగితే గతుకులను తట్టుకుంటుంది. ప్రయాణాల్లో సగానికి మించి రైలు, బస్సు అయితే రెండు చక్రాలదే తీసుకోవాలని నా గట్టి అభిప్రాయం.

గట్టి పెంకు ఉన్న పెట్టెల్లో ఏబీఎస్ ప్లాస్టిక్కు చవక, కానీ మూల మీద దెబ్బ తగిలితే పగులుతుంది. పాలీకార్బనేట్ నొక్కితే లోపలికి వంగి, మళ్ళీ తన రూపానికి వస్తుంది, ధర మాత్రం ఎక్కువ. నేను ఇప్పుడు వాడుతున్నది పాలీప్రొపిలిన్‌తో చేసిన 55 సెంటీమీటర్ల పెట్టె. అది తేలిక, వంగే గుణమూ ఉంది, ధరా అందుబాటులో ఉంటుంది. ఇక్కడే ఖాళీ బరువు లెక్కలోకి వస్తుంది. దేశీయ విమానాల్లో సాధారణంగా చేతి సామానుకు 7 కిలోలే అనుమతి కాబట్టి, మూడు కిలోల పెట్టె తీసుకుంటే బట్టలకూ ల్యాప్‌టాప్‌కూ కలిపి మిగిలేది నాలుగు కిలోలే. కొక్కెం ఉన్న చిన్న ఎలక్ట్రానిక్ తూకం ఇంట్లో ఒకటి ఉంటే, కౌంటరు ముందు నలుగురిలో పెట్టె తెరిచి బట్టలు సర్దుకునే అవస్థ తప్పుతుంది.

జిప్పు గురించి ఎవరూ చెప్పని సంగతి ఒకటి ఉంది. జిప్పులకు 5, 8, 10 అని నంబర్లుంటాయి. మూసినప్పుడు పళ్ళ వరుస వెడల్పు దాదాపు ఎన్ని మిల్లీమీటర్లో ఆ నంబరే అది. బట్టలు కుక్కి మూసే పెట్టెకు 5 నంబరు జిప్పు చాలదు. నా రెండో సూట్‌కేసు జిప్పు రాయపూర్ హోటల్లో మూస్తుండగానే విచ్చుకుంది, తిరుగు ప్రయాణమంతా దాన్ని నైలాన్ తాడుతో కట్టుకుని తెచ్చాను. ఇంకో విషయం: నైలాన్ చుట్టల జిప్పును బాల్‌పెన్ మొనతో పొడిచి విప్పవచ్చు, తాళం వేసిన రన్నర్లను అటూ ఇటూ జరిపి మళ్ళీ ఏమీ జరగనట్టు మూయనూవచ్చు. కాబట్టి చిన్న తాళం ఉందన్న ధీమాతో నగలనూ నగదునూ పెద్ద పెట్టెలో పెట్టకూడదు. రైలులో అయితే కింది బెర్తు అడుగున ఉండే రింగులకు గొలుసు వేసి కట్టుకోవడమే మేలు.

భుజం సంచి విషయంలో నాకు పూర్తి తృప్తి ఉంది. డెకథ్లాన్ వారి క్వెచువా 20 లీటర్ల సంచి మూడేళ్ళుగా నాతో తిరుగుతోంది. పట్టీ కుట్లు ఒక్కటీ ఊడలేదు. వానకు మాత్రం లోపల ఒక ప్లాస్టిక్ కవరు పెట్టుకోక తప్పదు.

పవర్ బ్యాంకు మీద రాసిన 10,000 ఎంఏహెచ్ అన్నది లోపలి సెల్ సామర్థ్యం, 3.7 వోల్టుల దగ్గర లెక్కించినది. ఫోనుకు 5 వోల్టులకు మార్చి పంపేసరికి అందులో సుమారు ఆరు వేల చిల్లరే చేతికి వస్తుంది. వెనక చిన్న అక్షరాల్లో 'రేటెడ్ కెపాసిటీ' అని వేసే అంకె అదే, కొనేటప్పుడు చూడవలసినదీ అదే. భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) గుర్తు, దాని కింద ఆర్ అక్షరంతో మొదలయ్యే నమోదు సంఖ్య లేని పవర్ బ్యాంకును ఎంత చవకగా ఇచ్చినా తీసుకోవద్దు. విమానంలో దాన్ని చేతి సంచిలోనే పెట్టుకోవాలి, చెకిన్ సామానులో వేయనివ్వరు. 100 వాట్-అవర్ల వరకు ఇబ్బంది లేదు. 20,000 ఎంఏహెచ్‌ది 74 వాట్-అవర్లే కాబట్టి నిశ్చింతగా తీసుకెళ్ళవచ్చు.

మన ఇళ్ళలో ప్రయాణమంటే ఆవకాయ సీసా లేకుండా పెట్టె మూతపడదు కాబట్టి దాని గురించీ రాయాలి. విమానం పైకి వెళ్ళాక లోపలి గాలి పీడనం నేల మీద కంటే తగ్గుతుంది. సీసాలో మిగిలిన గాలి వ్యాకోచించి నూనెను మూత సందుల్లోంచి బయటకు నెడుతుంది. ఢిల్లీలో ఉన్న మా అక్కకు పచ్చడి తీసుకెళ్ళినప్పుడు నా తెల్ల చొక్కాలు రెండు అలాగే పాడయ్యాయి. ఇప్పుడు సీసాను అంచు దాకా నింపి, గాలికి చోటు తగ్గించి, మూత కింద మందపాటి పాలిథిన్ ముక్క పెట్టి బిగించి, దాన్ని జిప్పు కవరులో వేసి చెకిన్ పెట్టెలో పెడుతున్నాను. ఆ తర్వాత ఒక్క చుక్క కారలేదు. ఎండు కొబ్బరి మాత్రం నూనె ఎక్కువై మంట అంటుకునే వస్తువని విమానంలో అనుమతించరు. పొడుల్లో వేసిన తురుము సంగతి వేరు, చిప్పలుగా తీసుకెళ్ళకండి.

ఇక ప్రయాణాన్ని కుదుర్చుకునే సాధనాలు. రైలు టికెట్లు ఇప్పుడు 60 రోజుల ముందు నుంచే దొరుకుతాయి. 2024 నవంబరు 1కి ముందు ఇది 120 రోజులు ఉండేది. పండుగలకు ఊరెళ్ళేవారు ఆ అరవయ్యో రోజును క్యాలెండరులో గుర్తు పెట్టుకోవాలి. తత్కాల్ బుకింగు ఏసీకి ఉదయం 10 గంటలకు, నాన్ ఏసీకి 11 గంటలకు మొదలవుతుంది. 2025 జూలై నుంచి ఆన్‌లైన్‌లో తత్కాల్ తీసుకోవడానికి ఖాతాకు ఆధార్ ధ్రువీకరణ ఉండాలి, ఆ పని ముందురోజే ముగించుకోండి. బండి ఎక్కడుందో చూడటానికి నేను 'వేర్ ఈజ్ మై ట్రైన్' వాడతాను. ఇంటర్నెట్ అందకపోయినా సెల్ టవర్ల ఆధారంగా బండి ఉన్న చోటును చెప్పగలగడం దాని గొప్ప గుణం. రాత్రి రెండింటికి అలారం మోగి దిగవలసిన స్టేషను వస్తోందని చెబితే మనసుకు ఎంత నిశ్చింతగా ఉంటుందో అనుభవించినవారికే తెలుసు.

విమానానికైతే డిజియాత్ర శంషాబాద్‌లో నాకు చాలా సమయం మిగులుస్తోంది, ముఖం చూపించి లోపలికి వెళ్ళిపోవచ్చు. టికెట్ తీసుకునేటప్పుడు పేరును ఆధార్‌లో ఉన్నట్టే రాయించండి. మనకు ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరంగానూ, మరోచోట పూర్తిగానూ ఉండటం మామూలే కాబట్టి ఈ జాగ్రత్త ఇంకా అవసరం.

హైదరాబాదు వారికి ప్రత్యేకంగా చెప్పవలసినది స్టేషను గురించి. సికింద్రాబాద్ స్టేషను పునర్నిర్మాణం వల్ల కొన్ని బళ్ళను వేరే స్టేషన్లకు మార్చారు, 2025 జనవరిలో చర్లపల్లి కొత్త టెర్మినల్ కూడా ప్రారంభమైంది. అలవాటు చొప్పున ఒకసారి సికింద్రాబాద్ వెళ్ళే బస్సెక్కి, మెట్టుగూడ దాటాక టికెట్ తెరిచి చూస్తే చర్లపల్లి అని ఉంది. వెంటనే దిగి ఆటో పట్టుకుని, బండి కదలడానికి నాలుగు నిమిషాల ముందు ఎక్కాను. అప్పటి నుంచి బయలుదేరే ముందురోజు రాత్రి స్టేషను పేరు, బోగీ నంబరు, బెర్తు నంబరు ఒక చీటీ మీద పెద్ద అక్షరాలతో రాసి, భుజం సంచి ముందు అరలో పెడుతున్నాను. ఫోను చార్జింగు అయిపోయినా ఆ చీటీ పనికివస్తుంది.