డెల్టా మీద పుస్తకం: ఎవరి కోసం రాస్తే మేలు?

గోదావరి జిల్లాల్లో ఉద్యోగ విరమణ చేశాక పుస్తకం రాయాలనుకునేవారికి కొదవ లేదు. నీటిపారుదల శాఖలో పనిచేసినవారు, బడిపంతుళ్లు, సొసైటీ అధ్యక్షులుగా చేసినవారు... విషయం చాలావరకు ఒకటే: కాలువలు, వరదలు, వరి, కొబ్బరి. సమాచారానికి లోటుండదు. కానీ "ఇది ఎవరు చదవాలి?" అని అడిగితే మాత్రం "తెలుగు వచ్చిన ప్రతి ఒక్కరూ" అంటారు. ఆ జవాబుతో పని జరగదు. ధవళేశ్వరం ఆనకట్ట పనులు 1847లో మొదలై 1852లో పూర్తయ్యాయన్న సంగతికి ఒక వాక్యం చాలా, ఒక అధ్యాయం కావాలా అన్నది కూడా పాఠకుడు ఎవరో తేలితేనే తేలుతుంది.

డెల్టా నీటి మీద పుస్తకం రాస్తున్నారనుకుందాం. చదివేవారు నాలుగు రకాలుగా ఉండొచ్చు: ఇక్కడి రైతు, ఇక్కడ పుట్టి ఎక్కడో స్థిరపడినవారు, పోటీ పరీక్షల విద్యార్థి, కాలువ నీటితో పరిచయం లేని మెట్ట ప్రాంతపు పాఠకుడు.

విద్యార్థిని మొదటే పక్కన పెట్టేయండి. అతనికి కావలసింది సంవత్సరాలు, పేర్లు, గుర్తుపెట్టుకోవడానికి వీలైన ముక్కలు. గైడ్లు రాసేవారు ఆ పని మనకంటే వేగంగా చేస్తారు.

ఊరు విడిచి వెళ్లినవారి సంగతి అంత తేలిక కాదు. డబ్బు పెట్టి కొనేది వాళ్లే, పది ప్రతులు కొని బంధువులకు పంచేదీ వాళ్లే. వాళ్లను మనసులో పెట్టుకుని రాస్తే పుస్తకం నెమ్మదిగా ఆత్రేయపురం పూతరేకుల వైపు, పులస కూర వైపు, కనుమ నాటి జగ్గన్నతోట ప్రభల వైపు జారిపోతుంది. అవి గొప్పవి కావని కాదు. నది పాయల మధ్య ఉండే లంక ఊళ్లలో ఏటిగట్టు కోసుకుపోవడం గురించి రాసిన పేజీ ఆ తీపి మధ్యలో అపశ్రుతిలా వినిపిస్తుంది. రెండో ముద్రణకు వచ్చేసరికి రచయితే దాన్ని తీసేస్తాడు. ఊరి మీద బెంగ ఉన్న పాఠకుడు కొత్త సంగతుల కోసం రాడు, తనకు తెలిసినదాన్నే మళ్లీ చెప్పమంటాడు.

ఇక రైతు. అందరూ ముందుగా చెప్పే పేరు ఇదే, గౌరవంగా కూడా వినిపిస్తుంది. అయితే శివారు ఆయకట్టు రైతుకు, అంటే కాలువ చిట్టచివర పొలం ఉన్నవాడికి, కాలువ గురించి చెప్పబోతే మొదటి పేజీలోనే దొరికిపోతారు. ఏ బోదెలో (చేలకు నీరందించే పిల్ల కాలువలో) పూడిక ఉందో, కాలువ మీద నీళ్లు వదిలే లస్కరు ఏ రాత్రి వచ్చి తూము దించాడో ఆయనకు తెలుసు. ఆయనకు చరిత్ర అక్కర్లేదని అనను. కానీ ముందు కావలసింది దారి: దాళ్వాకు (రబీ వరికి) వంతులవారీగా నీళ్లిస్తే తన వంతు ఎలా లెక్కకడతారు, మురుగు కాలువలో గుర్రపుడెక్క పేరుకుంటే అర్జీ ఎవరికి పెట్టాలి, నీట మునిగిన చేనుకు నష్టపరిహారం రాయించుకోవడానికి కౌలు రైతు దగ్గర ఏ కాగితం ఉండాలి. నిజంగా ఆయన కోసమే అయితే పుస్తకం ఎనభై పేజీలు దాటకూడదు, అక్షరాలు పెద్దవిగా ఉండాలి, ఎరువుల కొట్టులో దొరకాలి. నిబంధనలు మారినప్పుడల్లా తిరగరాయాలి కూడా. మంచి పనే. కానీ మన పంతులుగారు రాయాలనుకున్నది ఈ పుస్తకం కాదు.

నాలుగో పాఠకుడిని ఎవరూ తలుచుకోరు. అనంతపురంలోనో పాలమూరులోనో ఉండే మనిషి, బోరులో నీరు పడుతుందో లేదోనన్న బెంగతో పెరిగినవాడు. అతనికి డెల్టా అంటే అదృష్టవంతుల దేశం. 2011 సార్వాలో (ఖరీఫ్‌లో) కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించి చేలు బీడు పెట్టారని చదివితే అతనికి మతిపోతుంది. ఇంత నీరు పెట్టుకుని సాగు మానేయడం ఏమిటి? ఆ ప్రశ్న ఇక్కడివారెవరూ అడగరు, జవాబు తమకు తెలుసనుకుంటారు కాబట్టి. అడిగితే ఒక్కొక్కరు ఒక్కో జవాబు చెబుతారు: గిట్టుబాటు ధర, కూలీలు, ముంపు.

ముంపునే తీసుకోండి. రైతుకైతే "డ్రెయిన్ లాగడం లేదు" అంటే సరిపోతుంది. మెట్ట పాఠకుడు అక్కడ ఆగి, సముద్రం అంత దగ్గరలో ఉండగా నీరు ఎందుకు పోదని అడుగుతాడు. అప్పుడు రచయిత కలం పట్టుకుని కూర్చోవలసిందే. నేల దాదాపు పళ్లెంలా చదునుగా ఉంటుందని, నీటిని తెచ్చే కాలువ ఒకటైతే తీసుకుపోయే కాలువ మరొకటని, ఆ రెండోది సముద్రంలో కలిసే మొగ దగ్గర ఇసుక మేట వేస్తుందని, పోటు సమయంలో ఉప్పునీరు ఎదురు తోసుకొస్తుందని, సరిగ్గా వరి ఈనే అక్టోబరు, నవంబరు నెలల్లోనే తుపాను వానలు పడతాయని వరుసగా చెప్పాలి. ఇంత చెప్పాక, నీటిని తేవడం మీద ఉన్న శ్రద్ధ తీయడం మీద ఎందుకు లేదన్న ప్రశ్న రచయితకే పుడుతుంది. అక్కడి నుంచి పుస్తకం ఊపందుకుంటుంది.

కాబట్టి నా ఓటు మెట్ట పాఠకుడికే. ఇక్కడి రైతు రాతప్రతిని దిద్దవలసినవాడు. రాసేటప్పుడు అనంతపురం మనిషి ఎదురుగా కూర్చున్నాడనుకోండి, రాశాక శివారు రైతుకు చదివి వినిపించండి. రైతునే పాఠకుడిగా ఎంచుకుంటే "ఎనభై ఆరు వరద" అని రాసి ముందుకు పోతారు. ఆయనకు అది చాలు. ఇక్కడ ఇప్పటికీ ఏ వరదను కొలిచినా 1986 ఆగస్టుతోనే కొలుస్తారని, ఆ తర్వాత జనం నోట అంతగా నిలిచింది 1996 నవంబరు తుపానని బయటివాడికి చెప్పాలి. చెప్పడానికి కూర్చుంటేనే, ఆ వరదలో మీ ఊళ్లో నీరు ఏ గుమ్మం దాకా వచ్చిందో ఎవరినైనా అడగాలని తోస్తుంది.

దీనివల్ల వచ్చే చిక్కు అమ్మకం. మెట్ట పాఠకుడు ఒక చోట దొరకడు, అతని కోసం ఎన్ని ప్రతులు వేయాలో చెప్పడం కష్టం. ఊరు విడిచినవారు ఇక్కడే అక్కరకొస్తారు. వారి కోసం రాయనక్కరలేదు గానీ ముందస్తుగా డబ్బు కట్టి ప్రతులు తీసుకోమని అడగొచ్చు, అట్ట మీద కాలువ లాకుల (నీటి తలుపుల) ఫొటో వేయొచ్చు. పూతరేకుల అధ్యాయం కావాలని పట్టుబడితే ముందుమాటలో ఒక పేరా ఇచ్చి ఊరుకోండి. రాజమహేంద్రవరం గౌతమీ గ్రంథాలయానికి, మెట్ట జిల్లాల కేంద్ర గ్రంథాలయాలకు తలా ఒక ప్రతి పంపే ఖర్చును కూడా ఆ చందాల లెక్కలోనే వేసుకోండి.