పాత వాషింగ్ మెషీన్ మోటారుతో చేయించిన చెత్త మిషన్: ఎండుటాకులకి భేష్, వంటింటి తొక్కలకి దండగ

కంపోస్టు కోసం చెత్తని ముక్కలు చేసే మిషన్ కొందామని ఆన్‌లైన్‌లో రేట్లు చూస్తే నీరసం వచ్చింది. విజయనగరంలోనే ఓ వెల్డింగ్ షాపులో చేయించుకున్నాం. మూలన పడున్న సెమీ ఆటోమేటిక్ వాషింగ్ మెషీన్ మోటారు, ఖాళీ పెయింటు డ్రమ్ము, పదును పెట్టిన ఇనుప పట్టీలు రెండు, అడుగున జల్లెడ, అంతే సరుకు. మోటారు మాదే కాబట్టి మిగతాదంతా కూలీతో కలిపి 3,500లో అయిపోయింది.

ఎండుటాకుల విషయంలో వంక పెట్టడానికి లేదు. మామిడాకులు, సపోటా ఆకులు గంపెడు పోస్తే నలిగి దోసెడు అవుతాయి, ఊరికే పోస్తే నెలల తరబడి అట్టే ఉండిపోయే ఆకులు ఇప్పుడు గబగబా నల్లబడుతున్నాయి. ఈ మోటారు నిమిషానికి 1,350 చుట్ల దగ్గర తిరుగుతుంది, మిక్సీ వేగంలో పదో వంతు కూడా ఉండదు, అందుకే మరీ పిండి చేయదు. అది మంచిదే.

అసలు గొడవ పచ్చి చెత్తతో. అరటి తొక్కలు, తోటకూర కాడలు, పనసకాయ పీచు షాఫ్టుకి చుట్టేసుకుని మోటారు మూలుగుతుంది, వెంటనే ఆపకపోతే వైండింగ్ కాలినట్టే. చుట్టుకోనిది ముద్దై జల్లెడకి అంటుకుంటుంది, ఆ ముద్ద అలాగే డబ్బాలో వేస్తే లోపలికి గాలి ఆడక కుళ్ళి కంపు కొడుతుంది. సిరిమాను పండక్కి పోగయ్యే అరటి బోదెలు, కొబ్బరి పీచు సంగతైతే చేసినాయనే ముందే చెప్పేశాడు, "అవి మాత్రం ఎయ్యకండమ్మా" అని. మా అత్తయ్యగారేమో "నువ్వు ఆ మోటారు వైరు పెట్టేలోగా నేను కత్తిపీట మీద తరిగేస్తాను కదా" అంటారు, నిజమే, రోజూ వచ్చే తొక్కలకి అదే చాలు.

అట్టపెట్టెలు కూడా ఇందులో వేయొద్దు. మడతపడి బ్లేడు కింద ఇరుక్కుంటాయి, దుమ్ము వేరే. టేపు, పిన్నులు పీకేసి రాత్రి బకెట్లో నానేయండి, పొరల్ని అంటించేది పిండి జిగురే కాబట్టి పొద్దున్నకి వాటంతటవే విడిపోతాయి, చేత్తో చించేయొచ్చు. నిగనిగలాడే ప్లాస్టిక్ పూత ఉన్న అట్టలు పక్కన పెట్టేయండి. కూరగాయల తొక్కల్లో నీళ్ళూ నైట్రోజనూ ఎక్కువ, అట్టలో అంతా కార్బనే, రెండూ కలిపితేనే కుప్ప సరిగ్గా వేడెక్కుతుంది.

పల్లెల్లో పశువులున్నవాళ్ళ దగ్గర గడ్డి కోసే చేతి చక్రం మిషన్ ఉంటుంది కదా, అట్టని గట్టిగా చుట్టి దాంట్లో పెడితే మోటారు గోలే లేదు, కాకపోతే బ్లేడు తొందరగా మొద్దుబారుతుంది.

పెరట్లో రెండు మూడు చెట్లుంటే చేయించుకోండి, ఫ్లాట్లో ఉండేవాళ్ళకి అనవసరం. చేయిస్తే మాత్రం ఎర్తింగు, మూత తీయగానే కరెంటు ఆగిపోయే స్విచ్చి దగ్గరుండి పెట్టించండి. మాకు ఆ రెండూ పెట్టకుండానే ఇచ్చారు, తర్వాత వేరే ఎలక్ట్రీషియన్‌తో వేయించాం. స్విచ్చి కట్టేశాక కూడా బ్లేడు కాసేపు తిరుగుతూనే ఉంటుంది, పూర్తిగా ఆగేదాకా చెయ్యి పెట్టకండి.