హైదరాబాద్–రాజమండ్రి ఏటీఆర్: ఏ కిటికీకి డబ్బు కట్టాలి?

శంషాబాద్ నుంచి రాజమండ్రి విమానాశ్రయం ఉన్న మధురపూడికి సుమారు గంట ప్రయాణం. ఈ రూటులో ఎక్కువగా తిరిగేది ఏటీఆర్ 72 అనే చిన్న ప్రొపెల్లర్ విమానం. ప్రొపెల్లర్ విమానం అనగానే మొహం చిట్లించేవాళ్లుంటారు గానీ, కిటికీలోంచి చూడ్డానికి జెట్ కన్నా ఇదే మేలు. రెక్క కిటికీలకు పైన ఉంటుంది కాబట్టి కింద నేలకు అడ్డం రాదు. పైగా జెట్లలా 35 వేల అడుగులకు పోదు. దీని గరిష్ఠ ఎత్తే 25 వేలు, మామూలుగా అంతకన్నా కిందే పోతుంది. చెరువుగట్లు కూడా పోల్చుకోవచ్చు.

అలాగని ఏ కిటికీ అయినా ఒకటే అనుకోవద్దు. సుమారు 4, 5 వరుసల దగ్గర ఆరు బ్లేడుల ప్రొపెల్లర్ కళ్లెదురుగానే తిరుగుతుంది, చప్పుడూ అక్కడే ఎక్కువ. ఫోన్‌లో తీస్తే బ్లేడులు అరటిపండ్లలా వంకరపోయి పడతాయి. కెమెరా సెన్సర్ బొమ్మ మొత్తాన్ని ఒకేసారి కాక గీత తర్వాత గీతగా చదువుతుంది మరి. 8 నుంచి 10 దాకా కిటికీ పక్కన ఇంజన్ వెనక భాగం, కింద చక్రాలు. చక్రాలు దిగడం పిల్లలకు చూపించాలంటే మాత్రం అవే సరైన సీట్లు. గోదావరి కోసమైతే 12 దాటాక తీసుకోండి. చివరి వరుస మానేయండి, టాయిలెట్ అక్కడే. సాధారణంగా ముందు వరుసలకే రేటెక్కువ, కానీ ఏటీఆర్‌లో ఎక్కి దిగే తలుపు వెనక ఉంటుంది. వెనక కూర్చున్నవాళ్లే ముందు దిగుతారు! ఆ అదనపు రుసుము దండగే.

ఇక ఏ పక్క? విమానం ముక్కు వైపు చూసి కూర్చుంటే సీటు అక్షరాల్లో 'ఏ' ఎడమ కిటికీ, చివరి అక్షరం కుడి కిటికీ. వెళ్లేటప్పుడు దారి దాదాపు తూర్పుకే, కాబట్టి పాపికొండలు, పోలవరం వైపు ఎడమన, రాజమండ్రి ఊరు, వంతెనలు, ధవళేశ్వరం బ్యారేజీ కుడిన. నైరుతి దిక్కు నుంచి రన్‌వేకి వస్తే దిగే ముందే గోదావరిని దాటుతుంది. అప్పుడు కుడి కిటికీలో ఆర్చి వంతెన విల్లులు వరసగా కనిపిస్తాయి. మొత్తం 28, ఒక్కొక్కటి దాదాపు 97 మీటర్లు. గాలి మారి ఈశాన్యం నుంచి దిగితే ఆ దృశ్యం దక్కకపోవచ్చు, అది పైలట్ చేతిలో కూడా ఉండదు. తిరుగు ప్రయాణంలో పక్కలు తారుమారు: వంతెనలకు ఎడమ.

చలికాలంలో ఎండ దక్షిణం నుంచి పడుతుంది. అంటే వెళ్లేటప్పుడు కుడి కిటికీ మీదే. లోపలి ప్లాస్టిక్ పలకకు గీతలుంటే ఫొటో అంతా తెల్లగా పొగలా వస్తుంది. ఫోన్ వెనక నల్ల గుడ్డో జాకెట్టో అడ్డం పెడితే లోపలి ప్రతిబింబాలు పోతాయి. లెన్సును అద్దానికి ఆనించకండి, ప్రొపెల్లర్ అదురుకు బొమ్మ మసకబారుతుంది. జూలై, ఆగస్టుల్లో ఎర్రటి వరదనీరు చూడాలని ఉంటుంది గానీ మబ్బులు కప్పేస్తాయి. వానలు తగ్గాక, అక్టోబరు చివర నుంచి నవంబరు దాకా గాలి తేటగా ఉంటుంది. డిసెంబరు, జనవరి పొద్దున్నే అయితే పొగమంచు.

ఖాళీ సీట్లున్నా టేకాఫ్‌కి ముందు మారిపోకండి. చిన్న విమానం, బరువు ముందూ వెనకా సరిచూసుకుంటారు, సిబ్బంది ఒప్పుకోరు. ఏటీఆర్ బదులు ఎయిర్‌బస్ జెట్ వేస్తే లెక్క మారుతుంది. దానికి రెక్క కిందుంటుంది, కాబట్టి మొదటి ఏడెనిమిది వరుసలే నయం. రెక్క వెనక సీట్లలో ఇంజన్ వేడిగాలికి కింద నేల నీళ్లలో చూసినట్టు అలలాడుతుంది. బుకింగ్‌లో విమానం రకం రాసి ఉంటుంది, డబ్బు కట్టే ముందు ఆ లైను చదవండి.