ఎగ్జాస్ట్ ఫ్యానా, ఎయిర్ ప్యూరిఫైయరా?

రెండిట్లో ఒక్కటే కొనగలిగితే నా ఓటు ఫ్యానుకే. కోనసీమ ఇళ్లలో గాలి పాడయ్యేది ఎక్కువగా వంటింట్లోనే: చేపల వేపుడు పొగ, గ్యాస్ మంట నుంచి వచ్చే నైట్రోజన్ డయాక్సైడ్, వీటికి తోడు కాలవ గట్టు ఇళ్లలో ఆరని చెమ్మ. ఫ్యాన్ మూడింటినీ బయటికి నెట్టేస్తుంది. స్టవ్ దగ్గర గోడకి పైన బిగించి, అవతలి కిటికీ ఓరగా తెరవాలి. లోపలికి గాలి రాకపోతే అది ఊరికే తిరుగుతుంది. రెక్కలకు పేరుకున్న జిడ్డు తుడవడం మాత్రం ఎవరికీ గుర్తుండదు!

ప్యూరిఫైయర్ చెమ్మను తగ్గించదు, దానిలోని హెపా ఫిల్టర్ (సన్నని ధూళి, పొగ కణాలను పట్టే జల్లెడ లాంటిది) వాయువులను పట్టదు. కానీ 0.3 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కణాల్లో 99.97 శాతం ఆపుతుంది. కోతలయ్యాక చేలల్లో గడ్డి తగలబెట్టే రోజుల్లో ఫ్యాన్ వేస్తే ఆ పొగే ఇంట్లోకి వస్తుంది. అప్పుడు తలుపులు వేసి, పడకగదిలో ప్యూరిఫైయర్ పెట్టుకోవడమే మేలు. ఇంట్లో ఉబ్బసం ఉన్నవాళ్లుంటే మరీను. దోమల కాయిల్ వెలిగించి పక్కనే ప్యూరిఫైయర్ నడపడం మాత్రం డబ్బు దండగ, దోమతెర కట్టుకోండి. కొనేముందు విడి ఫిల్టర్ ధర కూడా అడగండి, మళ్లీ మళ్లీ ఖర్చయ్యేది దానికే.