జాక్ రస్సెలా, బోర్డర్ టెర్రియరా: ఏది మేలు?

చిన్న కుక్క కావాలి, హుషారుగా ఉండాలి, జాక్ రస్సెల్ తెచ్చుకోమంటారా, బోర్డర్ తెచ్చుకోమంటారా? నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇది. రెండూ మా ఇంట్లో పెరిగాయి. మొదట జాక్ రస్సెల్, ఇప్పుడు బోర్డర్.

దాని వెంటే ఇంకో ప్రశ్న వస్తుంది, రోజూ ఎంతసేపు తిప్పాలని. ఇందులో పెద్ద తేడా లేదు. దేనికైనా రోజుకు గంటకు తక్కువ కాకుండా నడక, పరుగు ఉండాలి. వాన అని రెండు రోజులు మానేస్తే కుషన్‌లోని దూది హాలంతా పరుచుకుంటుంది. సైజులోనూ అంతే. జాక్ రస్సెల్ 25 నుంచి 30 సెంటీమీటర్ల ఎత్తు, 5, 6 కిలోల బరువు. బోర్డర్ కాళ్లు కాస్త పొడుగు, మగది 6, 7 కిలోలు తూగుతుంది.

నన్నడిగితే తేల్చాల్సింది మొరుగుడు దగ్గర.

19వ శతాబ్దంలో ఇంగ్లండ్‌లోని డెవన్‌లో జాన్ రస్సెల్ అనే చర్చి ఫాదర్‌కి నక్కల వేట పిచ్చి ఉండేది. తరిమితే నక్క బొరియలో దూరేది, పెద్ద వేటకుక్కలు అందులో పట్టవు. అప్పుడు ఈ చిన్నదాన్ని దింపేవాళ్లు. నక్కను చంపడం దీని పని కాదు, బయటికి తరమాలి. అది కదలకపోతే ఎదురుగా నిలబడి మొరుగుతూనే ఉండాలి. ఆ గొంతు వినే పైనున్నవాళ్లు ఎక్కడ తవ్వాలో తెలుసుకునేవాళ్లు. చీకట్లో, ఒంటరిగా, ఎవరూ చెప్పకుండా, ఆపకుండా మొరిగేదే మంచి కుక్క. అలాంటివాటినే ఏరి పిల్లలు పెట్టించారు. దాన్ని తీసుకొచ్చి ఫ్లాట్‌లో పెట్టుకుని ‘ఎందుకింత అరుస్తోంది’ అంటే అదేం చేస్తుంది?

లిఫ్ట్ ఆగిన చప్పుడు వినపడగానే మా జాక్ రస్సెల్ చెవులు నిక్కేవి, ముందుకాలు ఒకటి గాల్లోనే ఆగిపోయేది, నోరు గట్టిగా మూసుకునేది. మనకు దొరికేది ఆ ఒక్క క్షణమే. అప్పుడు పేరు పెట్టి పిలిచి చేతిలో ఉన్న తిండి ముక్క చూపిస్తే మన దగ్గరికి వస్తుంది. మొదటి కేక పడ్డాక పిలిచినా లాభం లేదు, మనం అరిచామో ఇంకా రెచ్చిపోతుంది. ఇలా ఓపికగా నేర్పితే సగానికి సగం తగ్గుతుంది, పూర్తిగా మాత్రం మానదు. కాళ్లకే కాదు, ముక్కుకూ పని పెట్టాలి. పాత టవల్లో దాని తిండి గింజలు చల్లి, చుట్టి, ముడి వేసి ఇవ్వండి. విప్పుకుని ఏరుకు తినేసరికి అలసిపోయి పడుకుంటుంది.

బోర్డర్ కూడా బొరియల్లో దిగినదే, అదీ మొరుగుతుంది. కాకపోతే బెల్ మోగితే రెండు కేకలు వేసి, వచ్చిందెవరో చూసి ఊరుకునే రకాలు వీటిలో ఎక్కువ. వేటకుక్కల గుంపుతో కలిసి బతికిన జాతి కాబట్టి పక్కింటి కుక్కతోనూ తొందరగా సర్దుకుంటుంది. జాక్ రస్సెల్ తనకంటే నాలుగింతలున్న కుక్క మీదికైనా వెళ్తుంది. ఉడుత కనపడితే మాత్రం రెండూ ఒకటే, రోడ్డు మీద లీష్ వదలకండి.

బోర్డర్‌తో వచ్చే చాకిరీ వెంట్రుకలది. ఏడాదికి రెండుసార్లు చచ్చిన వెంట్రుకలు చేత్తో పీకాలి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నాలుగైదు పోచలు పట్టుకుని, పెరిగిన దిక్కుకే లాగితే నొప్పి లేకుండా ఊడొస్తాయి. ఓపిక లేక మెషిన్ పెట్టించారంటే బిరుసుదనం పోతుంది, రంగూ వెలుస్తుంది. నున్నటి రకం జాక్ రస్సెల్‌కి ఈ బాధ లేదు గానీ, ఏడాది పొడుగునా దాని తెల్ల వెంట్రుకలు మీ నల్ల ప్యాంటు మీదే ఉంటాయి.

ఆరోగ్యంలో జాక్ రస్సెల్ గట్టిది. బ్రిటన్‌లో 2022లో వచ్చిన అధ్యయనంలో పోల్చిచూసిన జాతుల్లో దీనికే అందరికంటే ఎక్కువ ఆయుష్షు, సగటున 12.7 ఏళ్లు. అయితే కంటిలోని లెన్స్ పక్కకు జారే జబ్బు వంశపారంపర్యంగా వస్తుంది. దానికి జీన్ టెస్ట్ ఉంది, తల్లిదండ్రులిద్దరి రిపోర్టులూ అడగండి. బోర్డర్లలో కొన్నింటికి స్పృహ ఉండగానే ఒళ్లు బిగుసుకుపోయి వణికే జబ్బు ఉంది. గోధుమల్లో ఉండే గ్లూటెన్ లేని తిండికి మారిస్తే చాలావాటికి తగ్గుతుంది.

యార్క్‌షైర్ టెర్రియర్ సంగతి కూడా అడుగుతుంటారు. ఒడిలో పడుతుంది, రోజూ దువ్వాలి, గొంతు మాత్రం చిన్నది కాదు. వెస్టీ, అంటే వెస్ట్ హైలాండ్ వైట్ టెర్రియర్, అందగత్తె, కానీ చర్మం అలర్జీలు ఎక్కువ.

చుట్టూ ఖాళీ స్థలమున్న ఇల్లు, ఆటలూ ట్రిక్కులూ నేర్పే సరదా ఉంటే జాక్ రస్సెల్‌ని మించింది లేదు, ఏది నేర్పినా చటుక్కున పట్టేస్తుంది. పక్కవాళ్లతో గోడ పంచుకునే ఇల్లయితే నా ఓటు బోర్డర్‌కే. ఏదైనా సరే, కొనేముందు తల్లికుక్క ఉన్న ఇంటికి వెళ్లి కాసేపు కూర్చోండి. మీవాళ్లెవరితోనైనా బయట బెల్ కొట్టించి, అది ఎంతసేపటికి నోరు మూస్తుందో చూడండి. తల్లిని చూపించనన్నారంటే అక్కడ కొనకండి.