బెల్లిన్ పటంతో ఫోర్ట్ కొచ్చిలో మూడు రోజులు

మాది బందరు. డచ్చివారు, ఆంగ్లేయులు, ఫ్రెంచివారు ముగ్గురూ కన్నేసిన రేవు. అందుకేనేమో, పాత ఓడరేవుల పటాలంటే నాకు యావ. బెల్లిన్ అనే ఫ్రెంచాయన 1764లో అయిదు సంపుటాల చిన్న నౌకా అట్లాసు వేశాడు. అందులో కొచ్చి కోట పటం ఉంది. ఆ పుట అసలుది దొరికితే కొందామని, దొరక్కపోతే అందులోని వీధులైనా నడిచి వద్దామని మా ఆవిడా నేనూ శబరి ఎక్స్‌ప్రెస్ ఎక్కాం.

ఎర్నాకుళం నుంచి ఫోర్ట్ కొచ్చికి పడవే మేలు. టాక్సీ వంతెనల మీదుగా చుట్టు తిప్పుతుంది. పడవలోంచైతే ఓడ దిగేవాడికి ఊరు ఎలా కనిపించేదో అలా కనిపిస్తుంది. బెల్లిన్‌కు ఆ యోగం లేదు. పారిస్‌లో కూర్చుని, ఎవరెవరో గీసి తెచ్చిన వాటిని కూర్చాడు. అయినా పరేడ్ మైదానం చుట్టుపక్కల పటం చాలావరకు సరిపోయింది. కోట గోడలు పోయాయి, స్ట్రామ్‌బర్గ్ బురుజు చోట ఇప్పుడు బాస్టియన్ బంగళా ఉంది.

మైదానం వెనక సందులో దిగిన హోమ్‌స్టే రోజుకు 2,400 రూపాయలు. పుట్టు (ఆవిరిమీద ఉడికిన బియ్యప్పిండి), కడలకూర (నల్లశనగలు) అమృతం. వేడినీళ్లు మాత్రం అడిగిన అరగంటకు వచ్చేవి.

మట్టంచేరికి శుక్రవారం వెళ్లడం నా తెలివితక్కువ. డచ్చి ప్యాలెస్‌కు ఆ రోజే సెలవు. 1568 నాటి యూదుల ప్రార్థనాలయం మధ్యాహ్నానికే మూసేశారు. ఇక మిగిలినవి జ్యూ టౌన్ దుకాణాలు. అక్కడ గోడలకు వేలాడే పాత పటాలు చాలావరకు నకళ్లే. టీ నీళ్లలో ముంచినట్టు గోధుమరంగు, భూతద్దం పెడితే ఈ కాలపు అచ్చు చుక్కలు. అలంకారానికైతే ఫర్వాలేదు, కానీ ఒకచోట అలాంటిదానికే 18,000 చెప్పారు.

చివరి దుకాణంలో పెద్దాయన అట్టల మధ్యనుంచి ఒక పుట తీశాడు, నేను వెతుకుతున్న బెల్లిన్ కొచ్చి పటమే. చుట్టూ రాగిరేకు నొక్కిన గుంట, వెలుతురుకు పట్టుకుంటే కాగితంలో సన్నని గీతలు, పైమూల మూడో సంపుటమని ఫ్రెంచిలో గుర్తు, అన్నీ అసలుదాని లక్షణాలే. రంగులు మాత్రం మరీ తాజాగా ఉన్నాయి.

“ఈ రంగు ఈమధ్య వేసిందే కదండీ?” అన్నాను.

“వేయకపోతే ఎవరూ కొనరు సార్,” అని నవ్వేశాడు. బేరం 11,000 దగ్గర తెగింది. ఆ నిజాయితీకైనా ఇవ్వవచ్చు అనిపించింది.

అంతలో దాన్ని గొట్టంలా చుట్టబోయాడు! గబుక్కున చెయ్యి అడ్డం పెట్టాను. రెండున్నర శతాబ్దాల మడతను అలా చుడితే చిరిగిపోదూ? రెండు గట్టి అట్టల మధ్య పెట్టించాను. బందరు పటం ఉందా అని అడిగితే పెదవి విరిచాడు.

తిరుగు రైలులో పై బెర్తు పటానికే ఇచ్చాం. మా ఆవిడ కిందా, నేను మధ్యా.