సోడా మాత్రా, సిట్రేటా: కిడ్నీ మార్పిడి తర్వాత ఎముకలకు ఏది మేలు?

నిమ్స్‌లోనో, మరో చోటో కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్లు రిపోర్టు రాగానే ముందు కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ చూస్తారు. అది బాగుంటే కాగితం మడిచేస్తారు. రక్తంలో ఆమ్లాన్ని విరిచే క్షారం, బైకార్బొనేట్ వైపు చూపు పోదు. అది 22 కంటే తగ్గితే సాధారణంగా ఒంట్లో ఆమ్లం పేరుకుంటున్నట్టు. పెట్టిన కిడ్నీ పూర్తి స్థాయిలో పనిచేయకపోవడం ఒక కారణం, పెట్టిన కిడ్నీని ఒళ్లు తిప్పికొట్టకుండా రోజూ వేసుకునే ట్యాక్రోలిమస్ మందు ఇంకోటి. ఆ ఆమ్లాన్ని విరవడానికి ఒళ్లు ఎముకల్లోని క్షారాన్ని లాగేసుకుంటుంది, దాంతోపాటే కాల్షియమూ పోతుంది. అసలే మార్పిడి తర్వాత వాడే స్టెరాయిడ్లు ఎముకల్ని గుల్ల చేస్తుంటాయి.

ఎక్కువమందికి రాసేది సోడా మాత్రే, అంటే సోడియం బైకార్బొనేట్. చవక, సులువుగా దొరుకుతుంది. తేన్పులు, కడుపుబ్బరం మామూలే. గ్రాము మందులో సుమారు 270 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది కాబట్టి బీపీ, కాళ్లవాపు ఉన్నవాళ్లకు ఇబ్బందే. వంటసోడా కూడా అదేగా అని డబ్బా తీయకండి, ఒక్క టీస్పూనులోనే నాలుగు గ్రాముల పైన సోడా ఉంటుంది! పైగా స్విట్జర్లాండ్‌లో 242 మంది మార్పిడి రోగులతో రెండేళ్లు చేసిన పరీక్షలో ఈ మందు కిడ్నీ పనితీరు తగ్గే వేగాన్ని మార్చలేదని 2023లో తేలింది. కిడ్నీని కాపాడుతుందన్న ఆశతో మాత్రం దీన్ని మింగనక్కర్లేదు.

పొటాషియం సిట్రేట్ ఒంట్లోకి వెళ్లాక బైకార్బొనేట్‌గా మారుతుంది. సోడియం బరువు ఉండదు, మూత్రంలో కాల్షియం పోవడమూ తగ్గుతుంది. ఎముకల వరకే చూస్తే నా ఓటు దీనికే. చిక్కల్లా పొటాషియంతోనే. ట్యాక్రోలిమస్ దాన్ని ముందే పెంచుతుంది, మరీ పెరిగితే గుండె లయ తప్పుతుంది. రిపోర్టులో పొటాషియం 5 దగ్గర ఆడుతుంటే సోడా మాత్రే గతి. మూత్రం మంటకని మెడికల్ షాపులో ఇచ్చే సిరప్‌లలో కొన్ని సోడియం సిట్రేట్, కొన్ని పొటాషియం సిట్రేట్. లేబుల్ చూడకుండా తాగితే కొంప మునుగుతుంది.

తిండి సంగతికొస్తే, చాలామంది ఆమ్లం అనగానే చింతపండు, నిమ్మకాయ మానేస్తారు. ఆమ్లం ఎక్కువగా పుట్టేది మటన్, చికెన్, గుడ్ల నుంచి. ఆదివారం బిర్యానీ తగ్గించి కూరగాయలు పెంచితే కొంత లాభమే, అయితే వాటిలోనూ పొటాషియం ఉంటుంది. కొబ్బరినీళ్లు మరీను. పంపరపనస జోలికి వెళ్లొద్దు, ట్యాక్రోలిమస్ మోతాదు రక్తంలో పెరిగిపోవచ్చు.

ఏ మందు రాసినా డెక్సా స్కాన్ (ఎముకల సాంద్రత కొలిచే పరీక్ష), విటమిన్ డి పరీక్ష ఎప్పుడు చేయించాలో మొదటి ఏడాదిలోనే డాక్టర్ని అడగండి, స్టెరాయిడ్ దెబ్బ ఎముకలకు ఎక్కువగా తగిలేది అప్పుడే. ఎండలు మండే హైదరాబాద్‌లోనూ విటమిన్ డి తక్కువున్నవాళ్లు బోలెడుమంది.